కప్పులో వదిలేసిన ఖాళీ

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వర్క్‌షాపులో ప్లైవుడ్ ముక్కల అంచులను గరుకు కాగితంతో రుద్దుతున్నాను. చేసింది పాస్టరమ్మ. అక్కడ రోగుల దగ్గర, వాళ్ళ ఇంటివాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడటానికి చర్చి తరఫున ఒక పెద్దావిడ ఉంటారు. జర్మనీలో ఆడవాళ్ళు కూడా పాస్టర్లవుతారు. మా ఇంట్లో ఆవిడ పేరు పాస్టరమ్మగా స్థిరపడిపోయింది.

"మీరు చేసిన కప్పు గురించి మాట్లాడాలి. మరోలా అనుకోకండి," అన్నారావిడ. "గదిలోకి వచ్చినవాళ్ళు కుర్చీలు గోడ పక్కకు జరుపుకుంటున్నారు. మధ్యలో ఎవరూ కూర్చోవడం లేదు."

"ఎందుకని?"

"పైన ఒకచోట ఖాళీ వదిలారు కదా. అందులోంచి ఎవరో చూస్తున్నట్టుందట. ఒకామె ఏడవడానికి వచ్చి, పైకి చూసి, ఏడవకుండానే వెళ్ళిపోయింది. కమిటీవాళ్ళు దాన్ని మూయించమంటున్నారు. నేను మాత్రం ముందు మిమ్మల్ని వచ్చి చూడమని చెబుతాను."

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉండే చిన్న ఊళ్ళలో ఒకదాని ఆసుపత్రి అది. కింది అంతస్తులో మౌనంగా కూర్చోవడానికంటూ ఒక గది కట్టారు. ప్రార్థన చేసుకునేవాళ్ళు చేసుకోవచ్చు, ఊరికే కూర్చునేవాళ్ళు కూర్చోవచ్చు. శిలువ ఉండదు, గ్రంథం ఉండదు. గోడలు ఖాళీగా ఉంచి, కప్పు కింద వేలాడే కళాఖండం ఒకటి పెట్టాలనుకున్నారు. ఏ మతం గుర్తూ ఉండకూడదు, వచ్చినవాళ్ళెవరికీ అది పరాయిదనిపించకూడదు. అంతే వాళ్ళ షరతు. నాకు అప్పటికి జర్మనీలో చదువు పూర్తయి చాలా ఏళ్ళయింది. జిండెల్ఫింగెన్‌లో మా ఆయన కార్ల కంపెనీలో ఐటీ పని చేస్తుంటే, నేను వారంలో కొన్ని రోజులు పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతూ, మిగతా రోజులు వర్క్‌షాపులో గడిపేదాన్ని. అంత పెద్ద పని నాకు దొరకడం అదే మొదలు.

నేను వాళ్ళకు చూపించిన ఆలోచన పాత గుమ్మటాల నుంచి వచ్చింది. నాలుగు గోడల చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం తిన్నగా కూర్చోదు. అందుకని మధ్యయుగాల ముస్లిం మేస్త్రీలు మూలల్లో చిన్న చిన్న కమానులు లేపేవారు. నాలుగు భుజాలు ఎనిమిదవుతాయి, ఎనిమిది పదహారవుతాయి, చూస్తుండగానే గోడ వంపు తిరిగి గుండ్రమైపోతుంది. కొన్నిచోట్ల ఆ కమానులను ఒకదాని మీద ఒకటి పేర్చి, కప్పంతా తేనెతుట్టెలా చేసేశారు. నేను వాటి మీద ఉండే రాతలు, తీగలు, నీలిరంగు పలకలు అన్నీ తీసేశాను. మిగిలింది కోణం, నీడ. పల్చటి ప్లైవుడ్‌తో గూళ్ళు చేసి, బయటివైపు బూడిద రంగు, లోపలివైపు ముదురు రంగులు వేసి, ఉక్కు తీగలతో వేలాడదీయాలని నా ప్రణాళిక.

కమిటీలో ఒకాయన అడిగాడు. "ఇది మసీదులా కనిపించదు కదా?"

"కనిపించదు. కానీ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే దాచను."

ఆయన తలూపాడు. తర్వాత నేను గీసిన బొమ్మ మీద వేలు పెట్టి, ఒక పక్కన గూళ్ళు లేకుండా వదిలిన చోటు చూపించాడు. "మరి ఇదేమిటి?"

"ఆకాశం," అన్నాను.

అలా చెప్పడానికి నాకొక కారణం ఉంది. మాది జహీరాబాద్. అక్కడి నుంచి బీదర్ బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో, నన్ను బొమ్మల కాలేజీలో చేర్చాలా వద్దా అని ఇంట్లో వాదనలు నడుస్తుండగా, మా అక్క నన్ను బీదర్ తీసుకెళ్ళింది. అక్క స్కూల్లో లెక్కలు చెప్పేది. ఇంట్లో నా పక్షం మాట్లాడింది తనొక్కతే. కోట చూశాక ఆటో మాట్లాడుకుని అష్టూరు వెళ్ళాం. అక్కడ పాత సుల్తానుల సమాధులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాని గుమ్మటం పిడుగుపడి సగానికి సగం కూలిపోయింది. మిగిలిన సగం, కోసిన గుమ్మడికాయలా, మందం కనిపిస్తూ నిలబడి ఉంటుంది. ఆ సుల్తాను క్రూరుడనీ, అందుకే ఆకాశం అతని మీద కప్పు ఉండనివ్వలేదనీ ఆటో అతను చెప్పాడు.

నేను మెడ ఎత్తి చూస్తుంటే అక్క చున్నీ దులిపి నేల మీద పరిచి పడుకుంది.

"నిలబడి చూస్తే మెడ నొస్తది. పండుకొని చూడవే," అంది.

ఆమె పక్కన పడుకున్నాను. కూలిన అంచు దాటి పైనంతా నీలం. గోడల లోపల వేడి, మట్టి వాసన, పావురాల చప్పుడు.

"ఆకాశం లోపటికొచ్చి కూసున్నట్టుంది చూడు," అంది అక్క. నా వైపు తిరిగి, "నువ్వు బొమ్మల కాలేజీకే పో. నాయిన్ని నేను ఒప్పిస్త," అంది. ఒప్పించింది కూడా.

అందుకే ఆసుపత్రి పని రాగానే నాకు ఆ గుమ్మటమే గుర్తొచ్చింది. అక్క పోయాక నేను మొదలుపెట్టిన మొదటి పెద్ద పని అది. కాగితాల మీద ఎక్కడా రాయలేదు గానీ, లోపల లోపల అది ఆమె కోసమే అనుకున్నాను.

పాస్టరమ్మ పిలిచిన మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. చలికాలం. కిటికీలో వెలుతురు నీళ్ళు కలిపిన పాలలా ఉంది. ఆవిడ చెప్పినట్టే కుర్చీలన్నీ గోడలకు ఆనుకుని ఉన్నాయి. ఒక్క కుర్చీ మాత్రం మధ్యలో, సరిగ్గా ఖాళీ కింద ఉంది. దాని మీద ముసలాయన ఒకరు కూర్చుని నారింజ వలుస్తున్నారు. అవి ఇక్కడ చలికాలంలో దొరికే చిన్న నారింజలు. గదంతా ఆ తొక్క వాసన.

నేను గోడ దగ్గర కూర్చోబోతే ఆయన సగం పండు నా వైపు చాపారు. తీసుకున్నాను.

"మీవాళ్ళెవరైనా పైన ఉన్నారా?" అని జర్మన్‌లో అడిగారు.

"లేరు. ఊరికే వచ్చాను."

"నా భార్య ఉంది. ఇప్పుడు డాక్టర్లు చూస్తున్నారు. బయటికి పొమ్మన్నారు."

టర్కీ నుంచి కుర్రతనంలో వచ్చారట. మేముండే ఊళ్ళోనే కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మా వీధి చివరి బేకరీ ఆయనకు తెలుసు. ఆ బేకరీ రొట్టె మునుపటిలా లేదన్నారు. కొంచెంసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆయన ఒక్కసారి కూడా పైకి చూడలేదు. నేనూ ఆ కప్పు నాదని చెప్పలేదు. తర్వాత నర్సు తలుపు తీసి ఆయన్ని పిలిచింది.

గదిలో ఒక్కదాన్నే మిగిలాక బూట్లు విప్పి కార్పెట్ మీద పడుకున్నాను. నేను వేలాడదీసిన కప్పును నేనెప్పుడూ అలా చూడలేదు. వర్క్‌షాపులో గూళ్ళను బల్ల మీద పై నుంచి చూశాను. ఇక్కడ నిచ్చెన మీద నిలబడి పక్క నుంచి చూశాను. కింద పడుకుని చూడటం అదే మొదటిసారి.

గూళ్ళు బాగానే ఉన్నాయి. ఒకదాని నీడ ఒకదాని మీద పడి, నాలుగు ఎనిమిదై, ఎనిమిది పదహారై, నేను అనుకున్నట్టే తిరుగుతున్నాయి. నా చూపు వాటి వెంట వెళ్ళి, కుడి పక్కన ఖాళీ దగ్గర ఆగిపోయింది. అక్కడ నీలం లేదు. విరిగిన గుమ్మటం అంచులా వంకరటింకరగా కూడా లేదు. నలుచదరంగా ఉంది. లోపలంతా నలుపు. ఆ నలుపు రంగు వేసింది నేనే. ఆకాశం అని నలుగురి ముందు చెప్పి, ఇంటికొచ్చి, నల్లరంగు డబ్బా తెరిచి వేశాను. అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

అది బీదర్ కాదు. అది ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది.

దేశాల మధ్య విమానాలు ఆగిపోయిన కాలంలో అక్క హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేరింది. బావను కూడా లోపలికి రానివ్వలేదు. వార్డులో పనిచేసే ఒకామె దయతలచి అక్క ఫోన్‌లో వీడియో కాల్ కలిపి, చేతిలో పెట్టి వెళ్ళింది. ఫోన్ పట్టుకునే ఓపిక అక్కకు లేదు. అది ఆమె గుండెల మీద పడి ఉన్నట్టుంది. నాకు ఆమె ముఖం కనపడలేదు. కప్పు కనపడింది. తెల్లటి చదరపు పలకలు వరసగా అమర్చిన ఆసుపత్రి కప్పు. కుడి పక్కన ఒక పలక ఊడిపోయి ఉంది. దాని వెనక చీకటి, అందులోంచి ఒక వైరు వేలాడుతోంది. అక్క ఊపిరి తీసినప్పుడల్లా ఆ కప్పు కొంచెం లేచి కొంచెం దిగేది.

"అక్కా, వినపడుతున్నదా?"

"ఊఁ."

"నీ మొఖం కనిపిస్తలేదక్కా. ఫోన్ జర పైకి పట్టు."

మళ్ళీ పిలిచాను.

"ఉన్న," అంది. తర్వాత మాస్కు చప్పుడు. చాలాసేపు నేను ఆ కప్పునే చూస్తూ, జహీరాబాద్ కబుర్లు, కాలేజీ కబుర్లు, ఏవేవో చెప్పాను. ఛార్జింగ్ అయిపోయిందేమో, తెర నల్లబడిపోయింది. మర్నాడు పొద్దున బావ ఫోన్ చేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు ఏ గదిలోకి వెళ్ళినా ముందు పైకి చూసేదాన్ని. బ్యాంకులో, కీటా అనే చిన్నపిల్లల బడిలో, సరుకులు కొనే సూపర్‌మార్కెట్‌లో. మెల్లగా ఆ అలవాటు పోయిందనే అనుకున్నాను. పోలేదు. అది చేతిలోకి దిగి, పెన్సిల్ గీతల్లోకి వచ్చి, నేను చూడకుండానే తన కొలతలు తను వేసుకుంది. అక్కతో నేలమీద పడుకుని చూసిన ఆకాశం కట్టాననుకున్నాను. అక్క చివరిగా చూసినదాన్ని కట్టాను. దాన్ని తీసుకొచ్చి, అలాంటి రోజుల్లోనే ఉన్న మనుషుల తలల మీద వేలాడదీశాను.

లేచి కూర్చునేసరికి ఒళ్ళు చల్లబడింది. నారింజ వాసన ఇంకా ఉంది. నేనూ ఒక కుర్చీ తెచ్చుకుని గోడ పక్కనే కూర్చున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన వంటగదిలో చపాతీలు కాలుస్తూ విన్నాడు. పొయ్యి ఆపేసి కూర్చున్నాడు.

"మరి ఏం చేద్దామనుకుంటున్నవ్?"

"మూసేస్త."

"నిజంగ మూసెయ్యాలనుందా, వాళ్ళు అన్నరనా?"

"దాని కింద వేరేవాళ్ళు ఎందుకు కూర్చోవాలె? అది నాది."

ఆయన చేతికంటిన పిండి దులుపుకున్నాడు. "మళ్ళ బ్రాండ్‌షుట్జ్ వాళ్ళ టెర్మిన్ తీసుకోవాలె గద," అన్నాడు చివరికి. నిప్పు భద్రత చూసేవాళ్ళను ముందే సమయం అడిగి పిలిపించి, అనుమతి తీసుకోకుండా ఆ కప్పులో చిన్న చెక్కముక్క కూడా కలపకూడదు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. "నువ్వు గూళ్ళు చెయ్యి. టెర్మిన్ సంగతి నేను చూస్త," అన్నాడు.

కొత్త గూళ్ళకు రంగు వేయలేదు. నల్లరంగు మళ్ళీ తెరవబుద్ధి కాలేదు, నీలం వేస్తే అబద్ధం అనిపించింది. పచ్చి చెక్కనే నున్నగా చేసి, నిప్పంటుకోని పూత పూసి ఉంచాను. అంచులు కలిసేలా కొలతలు తీయడానికే ఎక్కువ సమయం పట్టింది. గూళ్ళ లెక్కకు పొసగకుండా ఆ ఖాళీని ఎలా వదిలానో దాన్ని పూడ్చేటప్పుడు తెలిసింది. పాత మేస్త్రీల లెక్క ప్రకారం అక్కడ ఏ గూడు ఎక్కడ కూర్చోవాలో వెనక్కి వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. చివరి గూడు బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి మా ఆయన వచ్చాడు. బిగించాక లోపలి చీకటి ఒక్కసారిగా కనపడకుండా పోయింది.

పాస్టరమ్మ చాలా సంతోషించారు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేసి, "కుర్చీలు మధ్యలోకి వచ్చాయి. నిన్న ఒక కుటుంబం అంతా చేతులు పట్టుకుని అక్కడే కూర్చుంది," అని చెప్పారు. అప్పుడు నా మనసు కాస్త కుదుటపడింది.

చెట్లు చిగుర్లు వేస్తున్నప్పుడు, తీగలు సాగాయేమో చూడటానికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. గదిలో ఆ ముసలాయన ఉన్నారు. గోడ దగ్గర కూర్చున్నారు. పండు లేదు. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు.

"ఆమె వెళ్ళిపోయింది," అన్నారు. "రంజాన్ మొదలవకముందే."

నేను పక్కన కూర్చున్నాను. ఇలాంటప్పుడు జర్మన్‌లో అనే మాట అన్నాను. అది చాలదని తెలుసు.

ఆయన పైకి చూశారు. "మూసేశారు," అన్నారు.

"అవును."

"ఆమెకు ఈ గది ఇష్టం. నడవలేదు కదా, మంచంతో సహా కిందికి తెచ్చేవాళ్ళు. మంచం మీద ఉన్నవాళ్ళకు కప్పులే కదా కనిపించేది. వార్డు కప్పులు చూసి చూసి విసుగొచ్చిందనేది. ఇక్కడికి వస్తే అటు చూసేది." పచ్చి చెక్క ఉన్న చోటు వైపు వేలు చూపించారు. "మొదటి రోజే అంది, చూడు, వీళ్ళ ఇంటి కప్పు ఇంకా పూర్తవలేదు, మనకు ఇంకా టైముంది అని. వేళాకోళానికే అనుకోండి. తర్వాత ఎప్పుడు వచ్చినా అదే అడిగేది. నాకు చూపు సరిగా ఆనదు, ఆ నలుపు ఉందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. కాబట్టి నేను, ఏమంటున్నారు మేస్త్రీలు, అనేవాణ్ణి. ఇంకా రాలేదు, బద్ధకస్తులు, అనేది."

ఆయన సన్నగా నవ్వారు.

"మూసేశాక ఆవిడ వచ్చారా?" అని అడిగాను.

"ఒక్కసారి వచ్చింది."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. చాలాసేపు చూసింది. పైకి తీసుకెళ్ళమంది. అంతే."

కిటికీ బయట ఎవరో సైకిల్ తాళం వేస్తున్న చప్పుడు వినపడింది. అప్పుడు చెప్పాను, ఆ కప్పు చేసింది నేనని, మూసింది కూడా నేనేనని. ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో దూరపు బంధువని తెలిసినప్పుడు చూసినట్టు చూశారు.

"మీరా," అన్నారు. "ముందు ఎందుకు వదిలారు మరి?"

అక్క గురించి చెప్పాను. నా జర్మన్ అలాంటి విషయాలు చెప్పేంత గొప్పది కాదు. పలక అన్నచోట పెట్టె అన్నాను, ఊపిరికి మాట వెతుక్కున్నాను. ఆయన తొందరపెట్టలేదు. బీదర్ గుమ్మటం గురించి చెప్పినప్పుడు, తమ ఊరి దగ్గర కూడా భూకంపానికి చీలిన పాత గుమ్మటం ఉందనీ, చిన్నప్పుడు అందులో మేకలను కట్టేసేవాళ్ళమనీ అన్నారు.

అంతా విన్నాక, "మీ అక్క దాన్ని చూసి భయపడి ఉంటుందని మీకెలా తెలుసు?" అని అడిగారు.

ఆమె ముఖం నేను చూడలేదు. ఉన్న అని ఒక్క మాట అంది. భయమంతా ఇటువైపు, జిండెల్ఫింగెన్‌లో ఫోన్ పట్టుకున్న నాది. ఆయన అడిగేదాకా ఆమె చూసినదాన్నీ నా భయాన్నీ నేను వేరుచేసి చూడలేదు.

"మళ్ళీ తెరవమంటారా?" అన్నాను.

"వద్దు," అన్నారాయన వెంటనే. "ఇప్పుడు దీని కింద వేరేవాళ్ళు కూర్చుంటున్నారు కదా."

ఇద్దరం కలిసి బస్టాపు దాకా నడిచి ఒకే బస్సెక్కాం. ఆయన మా వీధి చివరి బేకరీ దగ్గర కాకుండా ముందే దిగిపోయారు. కూతురు ఇంట్లో ఉంటున్నారట. తర్వాత ఆయన్ని చూడలేదు.

కప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. పచ్చి చెక్క గూళ్ళు ఎండకు కాస్త తేనెరంగుకు తిరిగాయి. తెలియనివాళ్ళకు అది కావాలని వేసిన రంగే అనిపిస్తుంది. అలాగే ఉండనిచ్చాను. ఆ తర్వాత చేసిన పనుల్లో నేనెక్కడా ఖాళీ వదల్లేదు. మూసిన చోట నిజంగా మూసుకుందన్న నమ్మకమూ లేదు. గూళ్ళలో దుమ్ము చేరుతుంది కాబట్టి ఏడాదికోసారి దులపాలి. ఆ పని వేరేవాళ్ళకు అప్పగించలేదు. మెత్తటి కుంచె పట్టుకుని చక్రాల పరంజా మీద వెల్లకిలా పడుకుని ఒక్కో గూడూ తుడుస్తాను. ముదురు రంగుల గూళ్ళ దగ్గర నిదానంగానే చేస్తాను. ఆ పచ్చి చెక్క దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కుంచె చెక్కకు తగిలే చప్పుడు మారుతుంది, వెనక బోలుగా ఉన్నట్టు. అక్కడ ఒక క్షణం ఆగి వింటాను. తర్వాత పరంజాను పక్కకు జరపమని కింద ఉన్న మనిషికి చెబుతాను.